వెలగని ఎర్ర లైటు

ఆ రోజు మేం వాగు దాకా చేరకపోవడానికి కారణం మా బావ కాదు, నేను. ఈ ఒక్క మాట బయట పెట్టడానికి నాకు మూడేళ్లు పైనే పట్టింది.

మా చుట్టాల్లో ఏ పెళ్లికి నలుగురు కూడినా, ఏ దినానికి కూడినా, ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రయాణం మాట వస్తుంది. వచ్చిన ప్రతిసారీ "బావ ఎర్ర లైటు చూసుకోలేదు" అన్న దగ్గర ఆగుతుంది. కొందరు నవ్వుతారు. కొందరు అక్కను తలుచుకుని కళ్లు తుడుచుకుంటారు. బావ తల వంచుకుని "అవును, చూసుకోలే" అంటాడు. నేనూ అక్కడే కూర్చుని ఉంటాను. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు బావకు చెప్పాను. కానీ నింద అందరి ముందు పడింది, ఒక్కడికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. అందుకే రాస్తున్నాను.

నేను గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. బొగ్గు, మట్టి మోసే పెద్ద బండ్లు, డంపర్లు, బాగు చేయడం నా పని. మా అక్క భర్త, బావ, అదే గనిలో డంపర్ నడిపేవాడు. అంటే నేను బాగు చేసిన బండ్లలో కొన్నిటిని అతనే నడిపాడు. ఇరవై ఐదేళ్ల డ్యూటీలో తన చేతిలో ఒక్క ఇంజిన్ పాడు కాలేదని అతనికి గర్వం. పైకి చెప్పుకునేవాడు కాదు గానీ, ఎవరైనా అంటే మాత్రం మీసం కింద నవ్వేవాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మారేటప్పుడు బండి దిగేవాడు ఎక్కేవాడికి ఎదురుగా నిలబడి బండి సంగతి నోటితో చెప్పాలి. ఫిట్టర్ ఏదైనా వైరు తీసినా, ఏదైనా తాత్కాలికంగా కట్టినా అంతే. పుస్తకంలో రాస్తాం, అది వేరు. "ఫలానా వైరు తీసి ఉంది, గేజీని నమ్మకు" అని నేనంటే, "ఫలానా వైరు తీసి ఉంది, గేజీని నమ్మను" అని ఎక్కేవాడు తిరిగి అనాలి. అన్నాకే తాళంచెవి అతని చేతికి. దీన్ని మేం అప్పజెప్పుడు అంటాం. గనిలో ఇన్నేళ్లలో నేను అప్పజెప్పకుండా వదిలిన బండి లేదు. ఇంటి బండి దగ్గర వదిలాను.

అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ పోయింది. బాపు షిఫ్టులకు పోతే నాకు వండి పెట్టి, తల దువ్వి, బడికి పంపింది అక్కే. ఐటీఐలో చేరనని నేను మొండికేస్తే చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కుపోయింది. ఆ చెయ్యే లేకుంటే నాకీ ఉద్యోగం లేదు.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో ఆమెకు జబ్బు బయటపడింది. కడుపులో గడ్డ అన్నారు. సోమవారం హైదరాబాద్ దవాఖానలో చేరాలి. చేరితే ఎన్ని నెలలో, ఎప్పుడు తిరిగొస్తామో ఎవరూ చెప్పలేదు. అక్క ఏడవలేదు. ఒక్కటే అడిగింది. దవాఖానకు పోయేముందు శని, ఆదివారాలు అడవిలో వాగు ఒడ్డున డేరా వేసుకుని ఉండాలని.

ఆ కోరిక వెనుక ఒక పాత సంగతి ఉంది. మా చిన్నప్పుడు బాపు ఒకసారి సెలవు పెట్టి మమ్మల్ని లక్సెట్టిపేట అవతల అడవి దారిన చుట్టాల ఊరికి తీసుకుపోయాడు. నడుమ వాగు ఒడ్డున ఇసుకలో, రెండు కర్రలకు అమ్మ చీర కట్టి, ఆ నీడన పడుకున్నాం. నాకు చీర రంగు కూడా గుర్తులేదు. అక్కకు మాత్రం నీళ్ల చప్పుడు గుర్తుంది. తలకింద నుంచి పారుతున్నట్టు ఉండేదని ఎన్నోసార్లు చెప్పింది. అమ్మతో కలిసి ఇల్లు దాటి నిద్రపోయింది అదొక్కసారే.

డేరా ఫోనులో తెప్పించుకుంది. నీలం రంగుది. వచ్చిన రోజే క్వార్టర్ ముందు వేసి చూసింది. కాలనీ ఆడవాళ్లంతా వచ్చి వంగి వంగి లోపలికి తొంగిచూశారు. పక్క క్వార్టర్ అవ్వ ఒకామె, ఇంత చిన్న ఇల్లు ఇచ్చిందా కంపెనీ మీకు అని ఎగతాళి చేసింది. అక్క లోపల కాళ్లు చాపుకుని కూర్చుని నవ్వుతోంది. ఆమె అట్లా నవ్వగా నేను చూసింది ఆ సాయంత్రమే ఆఖరు.

ప్రయాణానికి బావ పాత డీజిల్ బండి. ఏడుగురు కూర్చోవచ్చు. దాంట్లో వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఇంజిన్ కాగితే వెలిగే ఎర్ర లైటు ఒక్కటే మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం బావ డ్యూటీ దిగి వచ్చి తాళంచెవి నాకిచ్చాడు. ఆ ఎర్ర లైటు అప్పుడప్పుడు కొట్టుకుంటోంది, పొద్దున్నే బయలుదేరేలోగా ఒకసారి చూడమన్నాడు.

చూశాను. రేడియేటర్‌లో నీళ్లు నిండుగా ఉన్నాయి. పైపులు పొడిగా ఉన్నాయి. బెల్టు బిగువుగా ఉంది. ఇంజిన్ పావుగంట నడిపాను. లైటు మిణుకు మిణుకుమంది. చెయ్యి పెట్టి చూస్తే అంత వేడేమీ లేదు. సెన్సార్ చెడి తప్పుడు లైటు వేస్తోందని తేల్చేశాను. నా డ్యూటీ దిగి వచ్చి ఇదంతా చూసేసరికి రాత్రయింది, కొత్త సెన్సార్ కావాలంటే మర్నాడు బజారు తెరిచేదాకా ఆగాలి. అంటే మధ్యాహ్నం అవుతుంది. అక్కకున్నదే రెండు రోజులు.

సెన్సార్ మీది వైరు లాగేశాను. కొసకు నల్ల టేపు చుట్టి పక్కకు కట్టాను. గనిలో కూడా చేస్తాం ఈ పని, బండిని వర్క్‌షాపు దాకా తెచ్చుకోవడానికి మాత్రమే, అదీ అప్పజెప్పి. బావకు చెబితే ఏమంటాడో నాకు తెలుసు. వైరు తీసిన బండిని అతను వర్క్‌షాపు గేటు దాటనివ్వడు. కొత్తది తెచ్చి వేసేదాకా కదలనంటాడు. పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

చెప్పడం మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. పొద్దున సామాను ఎక్కిస్తుండగా బావ స్టార్ట్ చేసి, మీటర్ల వైపు చూసి, నన్ను పిలిచాడు.

"ఏంర బామ్మర్ది, ఇయ్యాల ఎర్రకన్ను మూసుకున్నది. ఏం మంత్రం ఏసినవ్?"

వెనుక సీట్లోంచి అక్క అందుకుంది. "నా తమ్ముడంటే ఏమనుకున్నవ్. నువ్వు ఉత్త నడిపెటోనివి. వాడు బతికిచ్చెటోడు."

అందరూ నవ్వారు. నా భార్య, మేనకోడలు, మా పాప. నేను చెప్పాల్సిన చోటు అదే.

"సాఫ్ చేసి పెట్టిన బావా" అన్నాను.

గోదావరి వంతెన దాటాం. మంచిర్యాల దాటాం. అక్క కిటికీ దగ్గర కూర్చుని దారి పొడుగునా ఏదో ఒకటి చూపిస్తూనే ఉంది. బావ మాత్రం మాటల్లో పడలేదు. ఇది ముఖ్యం, రాసి పెట్టాలి. అతను అందరికంటే తక్కువ మాట్లాడాడు. లైటు మీద అనుమానం ఉన్నవాడు కాబట్టి మాటిమాటికీ మీటర్ల వైపు చూస్తూనే ఉన్నాడు. ముందు సీట్లో పక్కన కూర్చున్న నాకు అది కనిపిస్తూనే ఉంది. అతను చూసిన ప్రతిసారీ నాకు ఏదో గుచ్చుకునేది. ఇంకో గంటలో చేరిపోతాం కదా అనుకున్నాను.

లక్సెట్టిపేట దాటిన కాసేపటికి మేనకోడలు ఏదో మాడిన వాసన వస్తోందంది. ముందు పోతున్న లారీదని చెప్పాను. బావ బండి లాగడం లేదన్నాడు. బరువు ఎక్కువైందిలే అన్నాను. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలకే ఇంజిన్‌లో ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలై, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

లైటు చెప్పింది నిజమే. నీళ్ల పంపు సీలు పోతోంది. నిలబెట్టి పావుగంట నడిపితే తెలియదు. దూరం పోయేకొద్దీ నీళ్లు కారిపోయాయి.

ఆడవాళ్లు దిగి రోడ్డు పక్కన కోసేసిన మక్కచేను గట్టున కూర్చున్నారు. అక్క చుట్టిపెట్టిన డేరా మీద కూర్చుంది. బావ రెండు డబ్బాలు తీసుకుని చేనుకు ఆవల ఉన్న బోరు దగ్గరికి పరుగెత్తాడు. నేను బానెట్ ఎత్తాను.

నా టేపు నాకు కనిపించింది. మా వర్క్‌షాపులో చివర మడత పెట్టి చుడతాం, తీయడానికి వీలుగా. ఆ మడత నాది. బావ చూస్తే వెంటనే గుర్తుపడతాడు. బోరు వైపు చూశాను. వంగి నీళ్లు పడుతున్నాడు. టేపు ఊడదీసి, వైరును సెన్సార్ మీద పెట్టి నొక్కాను. వేళ్లు కాలాయి. టేపును జేబులో వేసుకున్నాను. ఇంత రాయడానికి పట్టినంత సమయం కూడా పట్టలేదు ఆ పనికి.

బావ వచ్చి, రొప్పుతూ, సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది. కదలకుండా, మిణుకుమనకుండా వెలిగింది.

అతను దాన్ని చాలాసేపు చూశాడు. "గిది వచ్చిందా?" అన్నాడు. నన్ను అడగలేదు, తనను తాను అడుక్కున్నాడు. "నేను చూస్తనే ఉన్న గద. లైటు రాలే."

"వచ్చే ఉంటది బావా" అన్నాను. "నువ్వు రోడ్డు మీద ధ్యాసల చూడలేదేమో."

వైరు తీయడం ఒక తప్పు. అది అక్క మీది ప్రేమతో చేశానని ఎవరైనా నన్ను కనికరించవచ్చు. ఈ మాటకు అట్లాంటిదేమీ లేదు.

ట్రాక్టర్‌తో బండిని లక్సెట్టిపేటకు లాగించి మెకానిక్ దగ్గర వదిలి రావడానికి బావ వెళ్లాడు. ఇంజిన్ జామైందని, పది రోజులు పడుతుందని ఫోనులో చెప్పాడు. ఆటో మాట్లాడుకుని మనమైనా పోదామా అని అక్క అడిగింది. ఇంకెంత దూరమో కూడా లెక్క చెప్పింది. సరే అనవచ్చు. కానీ నాకు అక్కడి నుంచి ఇంటికి పారిపోవాలని ఉంది. బావ లేకుండా ఏం బాగుంటుంది అక్కా, నువ్వు దవాఖాన నుంచి వచ్చాక పోదాం అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి సరేనంది. మంచిర్యాల నుంచి వేరే బండి పిలిపించాను. అది రావడానికి గంట పైన పడుతుందన్నారు.

అప్పుడు అక్క డేరా విప్పమంది. కొద్దిసేపైనా వేయమంది. మక్క మొదళ్ల మధ్య నేల చదును చేసి, నేనూ మేనకోడలూ కలిసి వేశాం. అక్క లోపలికి పోయి పడుకుంది. పొద్దున వండి తెచ్చిన జొన్న రొట్టెలు, కోడికూర నా భార్య ఆకుల్లో పెట్టి ఇచ్చింది. అక్క రెండు ముద్దలు తిని పక్కన పెట్టి నన్ను లోపలికి పిలిచింది. నీలం గుడ్డ లోపల ఆమె ముఖం కూడా నీలంగా కనిపించింది.

"వాగు సప్పుడు ఇనవడ్తలేదు తమ్మీ. లారీల సప్పుడే" అని నవ్వబోయింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ బావ గిట్ల ఎన్నడన్న చేసిండా? నా రోగం ఫికర్ల పడి ఆయన కండ్లు పనిచేస్తలేవు. నా వల్లనే. ఎవ్వలు ఏమనకుండ్రి ఆయనను."

డేరాలో నేనూ ఆమే ఉన్నాం. టేపు నా జేబులోనే ఉంది. చెబితే వినేది. తిట్టేది కూడా కాదు, నెత్తిన ఒక్కటి మొట్టేది. నేను "అననులే అక్కా" అన్నాను.

అక్క సోమవారం దవాఖానలో చేరింది. వానలు మొదలయ్యే నాటికి పోయింది. గోదావరిఖనికి ఆమె ఒకే ఒక్కసారి తిరిగొచ్చింది, అంబులెన్స్‌లో. తన జబ్బు వల్లే మొగుడి చూపు మందగించిందని, తన వల్లే తన ప్రయాణం చెడిందని నమ్ముతూ పోయింది. బావ తాను చూడలేదనే నమ్మాడు. లైటు వెలగడం తన కళ్లతో చూశాడు కదా.

తర్వాతి సంగతులు కూడా రాయాలి. బావ కళ్లు చూపించుకున్నాడు. బాగున్నాయని డాక్టర్ రాసిచ్చాడు. ఇంకో డాక్టర్ కూడా అదే మాట చెప్పాడు. బావ ఇద్దరినీ నమ్మలేదు. అంత పెద్ద లైటు కనపడనివాణ్ని వంద టన్నుల డంపర్ మీద ఎట్లా కూర్చోబెడతరు, ఎవల ప్రాణమన్న తీస్త అని పెద్దసార్ల చుట్టూ తిరిగి, దరఖాస్తులు పెట్టి, డంపర్ దిగిపోయాడు. భూగర్భ గని ఒకదాని ల్యాంప్ రూములో పని ఇచ్చారు. లోపలికి దిగే కార్మికులు తలకు పెట్టుకునే లైట్లు అక్కడ చార్జింగ్ పెట్టి, షిఫ్టు మొదట్లో కిటికీలోంచి ఇస్తారు. బండిని పాత ఇనుము కింద అమ్మేశాడు. స్కూటర్ కూడా బిడ్డ నడిపితే వెనుక కూర్చుంటాడు.

అక్క పోయిన రెండో ఏడు, దినం నాడు వడ్డన అయ్యాక మేనకోడలు ఏడుస్తూ తండ్రితో, ఆ ఒక్క రోజు నువ్వు సరిగ్గా చూసుంటే అమ్మ వాగు చూసేది బాపూ అంది. బావ లేచాడు. అక్క ఫొటో ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. నేను ఆకులు ఎత్తుతున్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం, ఆదివారం భోజనానికి రమ్మని చెప్పడానికి ల్యాంప్ రూముకు వెళ్లాను. రెండో షిఫ్టు వాళ్లు కిటికీ ముందు వరుసలో ఉన్నారు. పక్కన నిలబడి చూశాను. బావ ఒక్కో లైటు తీసి, స్విచ్ నొక్కి, తాను చూసి, మళ్లీ ఎదుటివాడి ముఖం ముందు పెడుతున్నాడు. "వెలుగుతందా? నువ్వు చెప్పు" అంటున్నాడు. "వెలుగుతంది కాకా" అని వాడు అన్నాకే చేతికిస్తున్నాడు. ప్రతి ఒక్కరినీ అంతే. వరుసలో ఒకతను నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"మీ బావకు లైటు కనవడది గదనే అన్నా. గందుకె అందరిని అడుగుతడు."

ఆ కథ ఈ గని దాకా ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. ప్రయాణం ఏమైందని కొత్తలో ఎవరో అడిగితే, మా క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ చెప్పింది నేనే. నవ్వుతూ చెప్పాను.

వరుస అయిపోయేదాకా ఆగాను. లోపలికి వెళ్లాను. బావ ఖాళీ కొక్కేల ముందు నిలబడి నంబర్లు చూసుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. షిఫ్టు మారేటప్పుడు నిలబడ్డట్టు ఎదురుగా నిలబడ్డాను. దారిలో అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు. తెలిసిన పద్ధతి ఒక్కటే వచ్చింది.

"బావా, ఆ రోజు బండి నీకు అప్పజెప్పలే. ఇప్పుడు అప్పజెప్తున్న. ఎర్ర లైటు వైరు ముందటి రోజే తీసిన. నీకు చెప్పలే. నువ్వు నీళ్లకు పోయినప్పుడు మల్ల పెట్టిన."

అతని చేతిలో లైటు ఒకటి ఉంది. దాన్ని మెల్లగా కొక్కేనికి తగిలించాడు. నా వైపు తిరగలేదు. ఇరవై ఐదేళ్ల అలవాటు, పెదవులు వాటంతటవే కదిలాయి.

"వైరు ముందటి రోజే తీసినవ్" అన్నాడు. ఆగాడు. "నాకు చెప్పలే. నేను నీళ్లకు పోయినప్పుడు మల్ల పెట్టినవ్."

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. అతను స్టూలు మీద కూర్చుని రెండు కళ్లూ అరచేతులతో మూసుకున్నాడు. అట్లాగే ఉండి అడిగాడు.

"మరి మీ అక్కకు ఎవలు చెప్తరు?"

అతని ముందు నేల మీద కూర్చుని, కళ్ల మీది నుంచి ఆ చేతులు తీసి పట్టుకున్నాను.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి బావా" అన్నాను. "నువ్వు చూస్తనే ఉన్నవ్. లైటు రాలే. నేనే రానియ్యలే. తప్పయింది బావా, నన్ను మాఫ్ చెయ్యి."